ఖాళీ గళ్ళ కింద సంతకం (ఇల్లు - 6)



పోయిన భాగంలో అద్దె ఇళ్ళ గురించి రాశాను. "మీరేమిట్లండీ?" అన్న ఒక్క ప్రశ్నకి గుంటూరులో ఎన్ని గేట్ల ముందు నుంచి వెనక్కి తిరిగామో చెప్పాను. అది చదివి చాలామంది ఇన్‌బాక్సులోకి వచ్చి తమ కథలు చెప్పుకున్నారు. ఒక చెల్లి మాత్రం వేరే ప్రశ్న వేసింది. "అక్కా, చివరికి ఇల్లు కొన్నారు కదా, మరి లోను ఎట్లా వచ్చింది?" అని.

వచ్చింది తల్లీ. లోను బాగానే వచ్చింది. దానితోపాటు నాకు రావాల్సిన 2,67,280 రూపాయలు మాత్రం ఒక ఏజెంటు చేతిలో ఆగిపోయాయి. ఈ భాగం అంతా ఆ డబ్బు గురించే. లెక్కలుంటాయి, కాస్త ఓపిక పట్టండి. మనం బాధ గురించి బాగా రాస్తాం, లెక్క దగ్గరికి వచ్చేసరికి సిగ్గుపడతాం. బాబాసాహెబ్ అట్లా సిగ్గుపడలేదు. 1923లో రూపాయి సమస్య మీద పుస్తకం అచ్చేసిన మనిషి ఆయన.

2020లో నేను డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరర్ని. మా ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో పని. ఇద్దరిదీ కలిపి ఏడాదికి 5,40,000. కరోనా మొదటి విడత తగ్గుతుండగా ఊరి చివర ఒక చిన్న ఫ్లాటు బేరానికి వచ్చింది. లోపలి కొలత 600 చదరపు అడుగులు. అమ్మేవాళ్ళు హైదరాబాదు వెళ్ళిపోతూ తొందరలో ఉన్నారు కాబట్టి మమ్మల్ని ఏమిట్లని అడగలేదు. తొందర కూడా ఒక్కోసారి కులాన్ని మరిపిస్తుంది.

పదిహేను లక్షలు లోను కావాలి. బ్యాంకుకి నేరుగా వెళ్తే రేపు రమ్మన్నారు, ఎల్లుండి రమ్మన్నారు. మూడోసారి ఆ బ్యాంకు మెట్ల మీదే ఒక పిల్లాడు పలకరించాడు. "హోమ్ లోనా అక్కా? నేను చేయిస్తాను. మీకు రూపాయి ఖర్చుండదు, బ్యాంకే నాకు కమీషన్ ఇస్తుంది." మెళ్ళో బ్యాంకు పేరున్న ట్యాగు, చేతిలో ఫైళ్ళు. మాటల్లో తెలిసింది, మా పక్క ఊరి పల్లె వాడే. మన పిల్లాడు. నా ప్రాణం లేచొచ్చింది. ట్యాగు వేసుకుని, ఇన్‌షర్టు చేసుకుని, బ్యాంకులో అందరినీ "సార్ సార్" అంటూ తిరుగుతున్న మన పిల్లాడిని చూస్తే ఎవరికి మాత్రం సంతోషం ఉండదు?

వాడే చెప్పాడు సబ్సిడీ సంగతి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో అప్పుడు వడ్డీ రాయితీ ఉండేది. ఏడాదికి 6 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబం, దేశంలో ఎక్కడా సొంత పక్కా ఇల్లు లేనివాళ్ళు, మొదటి ఇల్లు కొంటుంటే, ఆ ఇంటి మీద ఆడమనిషి పేరుంటే, లోనులో మొదటి 6 లక్షల మీద 6.5 శాతం వడ్డీని ప్రభుత్వం భరిస్తుంది. ఇరవై ఏళ్ళ రాయితీని ఇప్పటి విలువకి లెక్కకట్టి ఒకేసారి అసలులో జమ చేస్తారు. పూర్తిగా వస్తే 2,67,280. దరఖాస్తుదారు నేరుగా ఢిల్లీకి పెట్టుకునేది కాదు, బ్యాంకే మన తరఫున పంపాలి. మాకు అన్నీ సరిపోయాయి. దస్తావేజు నా పేరుతోనే.

"ఏడాదిలోపు పడిపోద్దక్కా" అన్నాడు. పెన్సిలుతో టిక్కులు పెట్టిన చోటల్లా సంతకాలు పెట్టమన్నాడు. నలభై చోట్ల పెట్టి ఉంటాను. గళ్ళన్నీ ఖాళీ. "నేను నింపుకుంటాను, మీకెందుకు శ్రమ" అన్నాడు.

ఇక్కడ ఆగి మా నాయనమ్మ గురించి చెప్పాలి. ఆమె పెళ్ళికి మా తాత ఆసామి దగ్గర మూడొందలు తెచ్చాడు. ఖాళీ ప్రోనోటు మీద వేలిముద్ర వేశాడు. ఆ మూడొందలకి ఆయన పదకొండేళ్ళు పాలేరుతనం చేశాడు. నోటు మీద ఎంత రాసుకున్నారో చచ్చేదాకా ఆయనకి తెలియదు. మా నాయనమ్మ నన్ను బడికి పంపేటప్పుడు ఒక్కటే మాట అనేది: "నువ్వు చదివేది ఉద్యోగానికి కాదే, ఏం రాశారో చూసి ఏలెయ్యడానికి." ఎమ్మే చదివాను. నెట్ రాశాను. వేలిముద్ర పోయి సంతకం వచ్చింది, కాగితం మాత్రం ఖాళీదే. ఆ రోజు రాత్రి ఈ పోలిక నాకు తట్టలేదు. తట్టింది రెండేళ్ళ తర్వాత.

లోను వచ్చింది. 8 శాతం వడ్డీ, ఇరవై ఏళ్ళు, నెలకి 12,547. గృహప్రవేశానికి ఆ పిల్లాడిని కూడా పిలిచాం. వచ్చి కడుపునిండా తిని వెళ్ళాడు.

2021లో అడిగితే "సెకండ్ వేవ్ కదక్కా, ఢిల్లీలో ఆఫీసులు పనిచెయ్యట్లేదు" అన్నాడు. నిజమేననుకున్నాను. సంక్రాంతికి అడిగితే "ప్రాసెస్‌లో ఉంది" అన్నాడు. ఆన్‌లైన్లో మన దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో చూసుకునే వీలుండేది, దానికి అప్లికేషన్ ఐడీ కావాలి. ఐడీ అడిగినప్పుడల్లా పంపిస్తానన్నాడు. 2022 జూన్‌లో మా కింద ఫ్లాటు టీచరమ్మ మాటల మధ్యలో "మాకు పడి చాలా రోజులైందిగా" అంది. మర్నాడే బ్యాంకుకి వెళ్ళాను. కౌంటర్లో ఆఫీసరు కంప్యూటర్లో చూసి, తల కూడా ఎత్తకుండా, "మీ ఫైల్లో క్లెయిమే లేదండీ. స్కీము మార్చి 31తో అయిపోయింది" అన్నాడు.

ఎండలో నడుచుకుంటూ ఇంటికొచ్చాను. ఆటో ఎక్కాలని కూడా తోచలేదు.

నా లోను దరఖాస్తు కాపీ ఇమ్మని అడిగాను. "అది బ్యాంకు రికార్డు, ఇవ్వం" అన్నారు. అది ప్రభుత్వ రంగ బ్యాంకు. కాబట్టి పది రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి సమాచార హక్కు కింద అడిగాను. నా దరఖాస్తు, నా సబ్సిడీ ఫారం, నా ఫైలు మీద రాసిన నోట్సు, ఇవి మూడూ. గడువు 30 రోజులు. ఇరవై ఎనిమిదో రోజున కవరొచ్చింది.

ఫారంలో నా సంతకాలు నీలం ఇంకు. గళ్ళు నింపింది నలుపు ఇంకు. జిరాక్సులో కూడా తేడా తెలుస్తోంది. కుటుంబ వార్షికాదాయం: 6,84,000. ఎక్కడి నుంచి వచ్చింది ఆ అంకె? లోను సులభంగా శాంక్షను కావాలని మా మరిది జీతంలో కొంత కలిపేశాడు. శాశ్వత చిరునామా దగ్గర మా ఊరి పేరు రాసి, పక్కన "నివాసం: సొంతం" అని టిక్కు పెట్టాడు. ఆ ఇల్లేమిటో తెలుసా? మా నాన్న పేరున కాలనీలో కట్టిన రెండు గదులు. మా నాన్న ఇల్లు నా ఇల్లు కాదు. స్కీము లెక్కలో కుటుంబమంటే భార్య, భర్త, పెళ్ళికాని పిల్లలు. ఆ ఒక్క టిక్కు నన్ను ఇల్లున్నదాన్ని చేసింది. ఆ ఒక్క అంకె నన్ను 6 లక్షల గీత దాటించింది. కింద బ్యాంకు అధికారి చిన్న అక్షరాలతో రాసిన నోటు ఉంది: ఆదాయం, సొంత ఇల్లు గురించి వివరణ కావాలి, ఏజెంటుకి తెలియజేయడమైనది. తేదీ 2021 జనవరి. అంటే స్కీముకి ఇంకా పద్నాలుగు నెలల గడువుంది. ఒక్క ఫోను నాకు చేసి ఉంటే జీతం స్లిప్పులు, అఫిడవిట్టు ఇచ్చి సరిచేసుకునేదాన్ని. నాకెవరూ చెప్పలేదు. నా ఫోన్ నంబరు ఆ పేజీ మీదే ఉంది.

మేనేజరుని కలిశాను. ఆయన రెండు మాటలన్నాడు. మొదటిది, "సంతకం మీదే కదా మేడం." రెండోది, నేను లేవబోతుంటే, నవ్వుతూ, "మీకు అన్నిటికీ సబ్సిడీలేగా."

"సార్, ఈ సబ్సిడీకి అర్హత ఆదాయం, కులం కాదు. మీ స్టాఫు పిల్లలెవరైనా 6 లక్షల లోపుంటే వాళ్ళకీ వచ్చేది" అన్నాను. అంతకంటే మాట రాలేదు.

మన మిత్రులు కొందరు అట్రాసిటీ కేసు పెట్టమన్నారు. నేను ఆలోచించాను. మూసిన క్యాబిన్లో ఇద్దరమే ఉన్నప్పుడు అన్నమాట అది, నా కులం పేరు పలకలేదు. చట్టం ప్రజలు చూసే చోట జరగాలంటుంది. నిలవని కేసు పెట్టి, నిలిచే కేసుని పలచన చెయ్యడం నాకిష్టం లేదు. మీరు ఒప్పుకోకపోవచ్చు, కింద రాయండి, చర్చిద్దాం. నాకు ఆ రోజు కావాల్సింది మేనేజరు క్షమాపణ కాదు, నా 2,67,280.

"సంతకం మీదే కదా" అన్నమాటకి మాత్రం నా దగ్గర జవాబు లేక మూడు రాత్రులు నిద్రపోలేదు. నిజమే కదా. ఖాళీ గళ్ళ కింద సంతకం పెట్టింది నేనే. నా తప్పు ఎంత, వాళ్ళ తప్పు ఎంత? కాగితం మీద గీత గీసి రెండు వైపులా రాసుకున్నాను. నా వైపు ఒకటే వచ్చింది, చదవకుండా సంతకం. వాళ్ళ వైపు: తప్పు అంకె వేయడం, తప్పు టిక్కు పెట్టడం, తప్పుందని తెలిశాక నాకు చెప్పకపోవడం, ఏడాదిన్నర పాటు ప్రాసెస్‌లో ఉందని అబద్ధమాడడం. నా తప్పు వల్ల పొరపాటు పుట్టి ఉండొచ్చు. నష్టం పుట్టింది మాత్రం జనవరిలో ఆ ఫోను చెయ్యకపోవడం వల్ల. ఈ వాక్యం దొరికాక నిద్ర పట్టింది. ఫిర్యాదులో కూడా దీన్నే మొదట రాశాను. మన తప్పుని మనమే ముందు ఒప్పుకుంటే ఎదుటివాడి చేతిలో ఉన్న ఒకే ఒక రాయి కింద పడిపోతుంది.

తర్వాత ఎంత అడగాలన్న ప్రశ్న. కోపంలో పది లక్షలు అడగాలనిపించింది. మా ఆయన ప్రెస్సు మనిషి, అంకెల దగ్గర పిసినారి. "రుజువు చెయ్యగలిగింది అడుగు" అన్నాడు. సబ్సిడీ 2,67,280. అది సకాలంలో, అంటే 2021 ఏప్రిల్ నాటికి పడి ఉంటే అంతమేరకు అసలు తగ్గేది, మేము కట్టే వడ్డీ తగ్గేది. నెల వాయిదా 12,547 నుంచి దాదాపు 10,311కి దిగేది. నెలకి 2,236 తేడా, అంటే మా ఇంట్లో పాలు, గ్యాసు. 2022 సెప్టెంబరు దాకా 18 నెలలకి 8 శాతం చొప్పున 32,074. తిరుగుడు, సెలవులు, మనోవేదనకి 25,000. మొత్తం 3,24,354. ఆ మే నెల నుంచి రెపో రేటు పెరుగుతూ మా వడ్డీ కూడా పెరిగింది కానీ దాన్ని కలపలేదు. వాదనకి చోటిచ్చే రూపాయి ఒక్కటి కూడా వద్దనుకున్నాం.

బ్యాంకుకి రాతపూర్వకంగా ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకున్నాను. ఇది ముఖ్యం తమ్ముళ్ళూ. నోటిమాట ఫిర్యాదు గాలికి పోతుంది, ముద్ర పడిన కాపీకి తేదీ ఉంటుంది. జవాబొచ్చింది. "కస్టమరు సంతకం చేసిన దరఖాస్తు ఆధారంగానే వ్యవహరించాం. అయినా సుహృద్భావంతో ప్రాసెసింగ్ ఫీజు జీఎస్టీతో కలిపి 8,850 వెనక్కి ఇస్తాం. ఏజెంటు మీద మీరు పోలీసు ఫిర్యాదు ఇచ్చుకోవచ్చు, మేం సహకరిస్తాం."

చివరి వాక్యం మళ్ళీ చదవండి.

సహకరిస్తారట. వాళ్ళ ట్యాగు వేసుకుని, వాళ్ళ మెట్ల మీద నిలబడి, వాళ్ళకి లోన్లు తెచ్చిపెట్టిన పిల్లాడిని పోలీసులకి అప్పగించడానికి నాకు సహకరిస్తారు. నా లోను మీద వాడి చేతికి వచ్చింది నాలుగున్నర వేలు, మిగతాది పైనున్న ఏజెన్సీది. నా లోను మీద బ్యాంకుకి ఇరవై ఏళ్ళలో వచ్చే వడ్డీ పదిహేను లక్షల పైనే. లాభం అక్కడ, నేరం ఇక్కడ. మన పల్లెల్లో పశువు చస్తే తీసేది మనం, తోలు డబ్బు ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు.

వాడి మీద నాకు కోపం లేదని కాదు. ఉంది. గృహప్రవేశం రోజు మా అమ్మ వాడికి కొసరి కొసరి వడ్డించింది. ఆ చేత్తోనే తిని, అప్పటికే నింపేసిన ఫారం సంగతి చెప్పకుండా వెళ్ళాడు. పరాయివాడు మోసం చేస్తే కోపం ఒక రకం, మనవాడు చేస్తే ఇంకో రకం. అయినా పోలీస్ స్టేషన్లో కింద కూర్చోబెట్టేది ఎవరినో నాకు తెలుసు. ఏ బ్యాంకు అధికారినీ కాదు.

అదీగాక చట్టం కూడా నా వైపే ఉంది. పని బయటివాళ్ళకి అప్పగించినా ఖాతాదారుకి జవాబుదారీ బ్యాంకుదేనని రిజర్వ్ బ్యాంకు 2006 నవంబరులోనే మార్గదర్శకాలిచ్చింది. అందులో అమ్మకపు ఏజెంట్లూ ఉన్నారు. దాన్ని ప్రింటు తీసి ఫిర్యాదుకి జతచేశాను.

2022 అక్టోబరులో అంబుడ్స్‌మన్‌కి పెట్టాను. 2021 నవంబరు నుంచి దేశమంతటికీ ఒకే పథకం కింద నడిచింది అది. నేను పెట్టిననాటి నిబంధనలు చెప్తున్నాను, మీరు పెట్టేటప్పుడు కొత్తవి చూసుకోండి. ముందు బ్యాంకుకి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా అప్పుడు వెళ్ళాలి, ఏడాదిలోపు వెళ్ళాలి. ఫీజు లేదు. వకీలు ద్వారా పెడితే తీసుకోరు, మనమే పెట్టుకోవాలి. అదే విషయం కోర్టులోనో వినియోగదారుల కమిషన్లోనో నడుస్తుంటే తీసుకోరు. నష్టానికి 20 లక్షల దాకా, మనోవేదనకి, తిరుగుడుకి విడిగా లక్ష దాకా ఇప్పించే అధికారం ఉంది. బ్యాంకు లోను ఎవరికివ్వాలి, ఎంత ఇవ్వాలి అన్నది బ్యాంకు నిర్ణయం, దాని మీద వాదన నడవదు. అందుకే నేను "సబ్సిడీ ఇవ్వలేదు" అని రాయలేదు. "సేవలో లోపం" అని రాశాను. లోపమెక్కడ? 2021 జనవరి నోటు నాకు చేరకపోవడం. ఆ ఒక్క కాగితం మీదే కేసంతా నిలబెట్టాను. పది రూపాయల పోస్టల్ ఆర్డరు లేకపోతే ఆ కాగితం లేదు.

మూడు నెలలు ఏమీ లేదు. తర్వాత బ్యాంకు నుంచి కొత్త గొంతుతో ఫోన్లు మొదలయ్యాయి. మేనేజరు మారాడు. "మేడం గారూ" అయ్యాను. లక్ష ఇస్తామన్నారు. లక్షన్నర అన్నారు. ఒకసారి మా ఆయన ప్రెస్సుకే వచ్చారు. "ఆడవాళ్ళకి పంతం ఎక్కువ, మీరు చెప్పండి" అన్నారట. "దస్తావేజు ఆవిడ పేరుతో ఉందండీ, ఆవిడతోనే మాట్లాడండి" అని పంపించేశాడు. ఆ రోజు ఇంట్లో చికెన్ వండాను.

2023 మార్చిలో అంబుడ్స్‌మన్ కార్యాలయం ఇద్దరినీ రాజీకి కూర్చోబెట్టింది. బ్యాంకు 2,67,280 అసలులో జమ చేసి, ఖర్చులకి 20,000 ఇస్తానంది. వడ్డీ ఇవ్వనంది. నేను అడిగినదానికి 37,074 తక్కువ. ఒప్పుకోకుండా ఆర్డరు దాకా వెళ్ళొచ్చు, ఎక్కువ రావచ్చు, తక్కువా రావచ్చు. మేం రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. నా తప్పు విలువ ఎంత అని మొదట గీత గీసుకున్నప్పుడు అంకె వేసుకోలేదు. చదవకుండా పెట్టిన సంతకం ఖరీదు 37,074 అనుకుని ఒప్పుకున్నాను. కొందరు మిత్రులకి ఇది లొంగుబాటులా అనిపించింది. కావచ్చు. ఈఎమ్ఐ కట్టేది నేను.

అయితే సంతకాల దగ్గర పేచీ వచ్చింది. బ్యాంకు తెచ్చిన రాజీపత్రంలో నాలుగో పేరా: "ఈ పొరపాటు పూర్తిగా ఏజెంటు వ్యక్తిగతంగా చేసినదని, బ్యాంకు ప్రమేయం లేదని ఫిర్యాదుదారు అంగీకరిస్తున్నారు." ఈసారి నేను ప్రతి లైనూ చదివాను. పెన్ను మూసి బల్ల మీద పెట్టాను. ఆ పేరా తీసేస్తేనే సంతకం అన్నాను. "డబ్బు వస్తోంది కదా మేడం, ఆ లైనుతో మీకేం పోయింది?" అన్నాడు లీగల్ ఆఫీసరు. నాకేం పోదు. వాడికి ఇంకెక్కడా పని దొరకదు, అంతే. గంటన్నర కూర్చున్నాం. ఎవరెవరికో ఫోన్లు చేశారు. చివరికి ఆ పేరా కొట్టేసి, పక్కన పొడి సంతకం పెట్టి ఇచ్చారు.

పది రోజులకి జమైంది. అసలు తగ్గింది. వాయిదా తగ్గించమంటారా, ఏళ్ళు తగ్గించమంటారా అని అడిగితే వాయిదా తగ్గించమన్నాను. వడ్డీ లెక్కలో అది తెలివితక్కువ పనే, నాకు తెలుసు. కానీ మా చిన్నది అప్పుడే ఇంటర్లో చేరింది.

ఆ ఎండాకాలం ఒక సాయంత్రం ఆ పిల్లాడు మా గుమ్మంలో నిలబడ్డాడు. ట్యాగు లేదు. ఫుడ్ డెలివరీ బ్యాగు మెట్ల మీద పెట్టి వచ్చాడు. నా ఫిర్యాదు వెళ్ళాక ఏజెన్సీ వాణ్ణి తీసేసిందట. పాత కమీషన్లు కూడా ఆపేసిందట. "సారీ అక్కా" అన్నాడు. ఆ ఫారం రోజుకి ఎనిమిది నింపేవాణ్ణన్నాడు, జనవరి మెసేజీ చూశాననీ, మళ్ళీ మీ దగ్గరికి వస్తే లోనే క్యాన్సిల్ అవుతుందేమోనని భయపడ్డాననీ చెప్పాడు. నేను ఫర్వాలేదనలేదు. ఫర్వాలేని సంగతి కాదు. లోపలికి రమ్మన్నాను.

"కమీషన్ ఎంత ఆపారు?"

"మూడు నెలలది అక్కా."

"కాగితం ఏమన్నా ఉందా?"

చేరినప్పుడు ఏజెన్సీ వాళ్ళు రాయించుకున్న అగ్రిమెంటు ఫోన్లో ఉందన్నాడు. తీసి చూపించాడు. ఆరు పేజీలు, అన్నిటి కిందా వాడి సంతకం. చదివావా అని అడిగాను. లేదన్నాడు. మా చిన్నదాని నోట్‌బుక్‌లోంచి ఒక తెల్ల కాగితం చించి వాడి ముందు పెట్టాను. మొదట తేదీ రాయమన్నాను.

(ఆర్‌టీఐ దరఖాస్తు, బ్యాంకుకి రాసిన ఫిర్యాదు నమూనాలు రెండూ వచ్చే ఆదివారం పెడతాను. అడిగిన చెల్లికి: నీ దరఖాస్తు ఇంకా బ్యాంకులోనే ఉందన్నావు కదా, రేపే వెళ్ళి కాపీ అడుగు.)